ఆటస్థలమున్న బడి ఏది? పాఠశాల క్రీడలు, ప్రైవేటు విద్య – ఒక సమీక్ష

వేసవి వచ్చినంతనే తెనాలి, బాపట్ల, రేపల్లె పట్టణములందును, వాని చుట్టునున్న డెల్టా గ్రామములందును, పిల్లలను ఏ బడిలో చేర్పింపవలెనను చర్చ ఇంటింట మొదలగును. ప్రవేశములకై ఊరూర తిరుగు పాఠశాలల ప్రతినిధులు పంచిపెట్టు రంగుల కరపత్రములలో మునుపటి సంవత్సరపు మార్కులు, ర్యాంకులు, ఇంగ్లీషు మాధ్యమము, బస్సు తిరుగు దారులు ప్రముఖస్థానము నాక్రమించుకొనగా, ఆటల ప్రసక్తి చివరి పుటలో ఒక ఛాయాచిత్రముగ మిగులును. అయినను వాదము ముదిరినప్పుడు ప్రైవేటు విద్యను సమర్థించువారు ఇంగ్లండు దేశమును సాక్ష్యమునకు పిలిచి, అచ్చటి పేరుమోసిన ప్రైవేటు పాఠశాలలు రగ్బీ వంటి క్రీడల మూలమున పిల్లలకు శీలమును, నాయకత్వమును అలవఱచినవనియు, సర్కారు బడులకు అట్టి పని చేతగాదనియు చెప్పుచుందురు. ప్రతిపక్షులు అదే ఉదాహరణమును చేతబట్టి, ధనవంతుల బిడ్డలకు మైదానములు, పేదల బిడ్డలకు నాలుగు గోడలు మిగిలినవని ఆక్షేపింతురు. ఒకే సాక్షి ఇరుపక్షములకును సాక్ష్యమిచ్చుచున్నప్పుడు, ప్రశ్ననే మరల పరీక్షింపవలసియుండును.

ఈ వివాదములో మూడు వేర్వేఱు విషయములు ముడివడి యున్నవి. ఆటలు నిజముగా శీలమును నిర్మించునా అనునది మొదటిది. ఆటలు నేర్పుటయందు ప్రైవేటు బడికి ప్రభుత్వపు బడికంటె సహజమైన ఆధిక్యము గలదా అనునది రెండవది. ప్రైవేటు బడిలో చదివినవారు పిదప జీవితమున పొందిన విజయమునకు ఆ బడి కారణమా, లేక వారి కుటుంబముల కలిమి కారణమా అనునది మూడవది. మొదటిదానికి వచ్చిన సమాధానమును రెండవదానికి అతికించుట వలననే ఇంతటి చిక్కు ఏర్పడినది.

రగ్బీ పాఠశాలనుండి భువనేశ్వరము వఱకు

రగ్బీ ఆటకు పేరిచ్చిన పాఠశాల ఇంగ్లండులోని రగ్బీ పట్టణమున నున్నది. 1823లో విలియం వెబ్ ఎల్లిస్ అను విద్యార్థి కాలిబంతి నాడుచు నాడుచు బంతిని చేతబట్టి పరుగెత్తెననియు, ఆట అట్లు పుట్టెననియు చెప్పు కథ ప్రపంచ ప్రసిద్ధము. కాని అది ఎల్లిస్ 1872లో మరణించిన పిమ్మట, 1876లో గాని లోకమునకు తెలియలేదు, దానికి సమకాలిక సాక్ష్యమును ఎవ్వరును చూపలేకపోయిరి. నిశ్చయముగా తెలిసిన దేమనగా, 1845లో ఆ పాఠశాల విద్యార్థులే ఆట నియమములను వ్రాసి అచ్చువేయించిరి. ఉపాధ్యాయులు కాక పిల్లలే తమ ఆటకు శాసనకర్తలగుట ఆ సంప్రదాయమునందలి ఉత్తమాంశమని నా అభిప్రాయము. తరువాతి ప్రశంసకులు దీనిని అంతగా పట్టించుకొనలేదు.

1828 మొదలు 1842లో మరణించువఱకు ఆ పాఠశాలకు ప్రధానాచార్యుడుగా నుండిన థామస్ ఆర్నాల్డునకు క్రీడామహిమ నంతయు అంటగట్టుట పరిపాటి. ఆయన దృష్టి మతమునందును, నీతియందును, పెద్ద తరగతుల విద్యార్థుల కప్పగించిన బాధ్యతయందును ఉండెనే గాని ఆటలయందు అంతగా లేదు. ఆయన పేరును ఆటలతో ముడిపెట్టినది 1857లో థామస్ హ్యూస్ వ్రాసిన నవల. ఆ నవల చదివి ముగ్ధుడై ఇంగ్లండు వచ్చి ఆ పాఠశాలను చూచిపోయిన ఫ్రెంచి ప్రభువు పియర్ డి కూబర్తేన్ పిదప ఆధునిక ఒలింపిక్ క్రీడలకు మూలపురుషు డయ్యెను. ఆటవలన శీలమబ్బునను సిద్ధాంతము ఇట్లు ఒక కథాగ్రంథమునుండి బయలుదేరి ప్రపంచమంతట వ్యాపించినది.

ఆ సిద్ధాంతమును ప్రైవేటు పాఠశాలలతో ముడివేయువారికి చరిత్రయే అడ్డు వచ్చుచున్నది. 1871లో ఇంగ్లండున రగ్బీ సంఘమేర్పడిన పిమ్మట ఆట గనులలోనికి, మిల్లులలోనికి పోయినది. శనివారము పని మానుకొని ఆడవచ్చిన కార్మికునకు పోయిన కూలి నిచ్చుట న్యాయమా కాదా అనుదానిపై తగవు పెరిగి 1895లో ఉత్తరప్రాంతపు సంఘములు వేఱుపడినవి. కలిమిగల పాఠశాలలలో చదివిన పెద్దలకు డబ్బు తీసికొనుట ఆటకు మచ్చ, గనికార్మికునకు అది ఆ వారపు గ్రాసము. దక్షిణ వేల్సులో బొగ్గుగనుల పల్లెలే ఆ ఆటకు ఆయువుపట్టులైనవి. న్యూజీలండునందు వ్యవసాయకుటుంబముల బిడ్డలు, మావోరీలు, ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులు దానిని జాతీయక్రీడగ చేసికొనిరి. ఒక్క ఇంగ్లండునందు మాత్రము ఆటకును, రుసుము చెల్లించు చదువునకును సంబంధము నేటికిని బలముగ నున్నది: అచ్చటి పిల్లలలో సుమారు 7 శాతము మాత్రమే ప్రైవేటు బడులలో చదువుచుండగా, అంతర్జాతీయ స్థాయి పురుష రగ్బీ ఆటగాండ్రలో వారి పాలు మూడవవంతునకు మించినదని 2019 నాటి గణన చెప్పుచున్నది. అనగా ఒకే ఆట ఒక దేశమున ధనికుల బడిని, మఱియొక దేశమున గనికార్మికుల వాడను ఆశ్రయించి వర్ధిల్లినది.

మన దేశమునకు రగ్బీ వచ్చి నూటయేబది యేండ్లు దాటినది. 1870లలో కలకత్తా నగరమున తెల్లవారు స్థాపించిన క్లబ్బు కొద్దియేండ్లకే మూతపడగా, బ్యాంకులో మిగిలిన 270 వెండి రూపాయలను కరగించి చేసిన పాత్రకే నేడును ఇంగ్లండు, స్కాట్లండు జట్లు ఏటేట పోటీపడుచున్నవి. పాత్ర సముద్రము దాటినది. ఆట మాత్రము ఇచ్చట వేళ్ళూనలేదు. భారత రగ్బీ సంఘము 1998లో గాని ఏర్పడలేదు. 2007లో లండనునందు జరిగిన పదునాలుగేండ్లలోపు బాలుర అంతర్జాతీయ పాఠశాలల పోటీలో విజేతలైన భారతీయులెవరనగా, భువనేశ్వరమునందలి కళింగ సామాజికశాస్త్ర సంస్థలో ఉచితముగ చదువుకొను ఒడిశా గిరిజన బాలురు. ఆ సంస్థ ప్రభుత్వముది కాదు, ప్రైవేటుదే. కాని ఆ బాలురు రుసుము చెల్లించువారు కారు. ప్రైవేటు, ప్రభుత్వమను రెండే గడులలో లోకమును పంచుకొన్నవారికి ఈ ఉదాహరణము ఏ గడిలోను ఇమడదు. 2025లో ఆరంభమైన రగ్బీ ప్రీమియర్ లీగులో హైదరాబాదు పేరిట ఒక జట్టుండుట తప్ప, తెలుగు పాఠశాలల మైదానములందు ఈ ఆట ఇంకను అరుదే. కావున మన ప్రాంతమున ఈ ప్రశ్నను కబడ్డీ, వాలీబాలు, ఖోఖో, బరువులెత్తుట మొదలగువాని యందే పరీక్షింపవలెను.

పశ్చిమ డెల్టాలో బడియు, ఆటయు

1855లో బెజవాడవద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన తరువాత పశ్చిమకాలువల నీరు తెనాలి, రేపల్లె, బాపట్ల తాలూకాలకు పారి, వరి పండి, రైతుచేత డబ్బాడినది. ఆ డబ్బులో కొంత బడులకు పోయినది. ఆనకట్టకు ఒక్క సంవత్సరము ముందు, 1854లో, వుడ్డు విద్యాపత్రము ప్రైవేటు బడులకు సర్కారు సహాయధన మిచ్చు పద్ధతిని ప్రవేశపెట్టెను. 1842లో గుంటూరు చేరిన హేయరు దొరతో మొదలైన లూథరన్ మిషను వారి బడులు, పిదప ఊరిపెద్దలు స్థాపించిన బడులు ఈ సహాయముచేతనే నిలిచినవి. ఈ దృష్టితో చూచిన మన ప్రాంతమున ప్రైవేటు విద్య నిన్న మొన్న పుట్టినది కాదు. అయితే ఆ ప్రైవేటు వేఱు, ఈ ప్రైవేటు వేఱు. నాటిది ధర్మమునకు, మతమునకు, ఊరి ప్రతిష్ఠకు కట్టుబడినది. నేటిది పెక్కుచోట్ల రుసుముపై ఆధారపడిన వ్యాపారము. ఒకదానికి లభించిన కీర్తిని రెండవదాని ఖాతాలో వ్రాయుట న్యాయము కాదు.

ఆటల విషయమున మలుపు 1920లో వచ్చినది. ఆ యేట హ్యారీ క్రో బక్ అను అమెరికను మదరాసునందు వై.ఎం.సి.ఎ. వ్యాయామ శిక్షణ కళాశాలను స్థాపించెను. మదరాసు రాష్ట్రపు ఉన్నత పాఠశాలలలో డ్రిల్లు మాష్టారు ఒక శాశ్వతమైన పదవిగ నిలుచుటకు ఇట్టి శిక్షణయే దారితీసినది. జిల్లాబోర్డు బడులు 1959 చట్టము తరువాత జిల్లా పరిషత్తులకు సంక్రమించినప్పుడు ఆ పదవియు, ఆ మైదానములును కూడ సంక్రమించినవి. డెల్టా గ్రామములలో పెక్కు ఉన్నత పాఠశాలలు దాతల భూమియందు వెలసినవి. పంట పండు పొలమును బడికిచ్చిన రైతు తన బిడ్డకును, తన పాలేరు బిడ్డకును ఒకే ఆటస్థలమును ఇచ్చినవాడయ్యెను. తెనాలి తాలూకా హైస్కూలు వంటి పాత బడులు గాని, 1945లో స్థాపితమైన బాపట్ల వ్యవసాయ కళాశాల గాని, విశాలమైన ఆవరణ లేనిదే విద్యాలయము పూర్తికాదను ఆనాటి భావనకు నిదర్శనములు.

ఈ భావన సడలినది 1980 దశకమున. 1972లో ప్రభుత్వమే తాడికొండలో నెలకొల్పిన గురుకుల పాఠశాల, ప్రతిభగల గ్రామీణ బాలురను ఒకచోట చేర్చి చదివించిన ఎంత ఫలితము వచ్చునో చూపినది. ఆ నమూనాలోని వసతి పద్ధతిని ప్రైవేటు సంస్థలు గ్రహించినవి. దానికి తోడు 1981లో బాపట్ల ఇంజనీరింగు కళాశాల వంటివి స్థాపితములగుట, తెనాలికి చేరువనున్న వడ్లమూడిలో విజ్ఞాన్ విద్యాసంస్థలు పెరుగుట, ఎంసెట్ పరీక్ష ప్రతి మధ్యతరగతి ఇంటిని ఆవరించుట, ఇవన్నియు కలిసి గుంటూరుసీమను పోటీపరీక్షల సేద్యమునకు కేంద్రముగ చేసినవి. ఈ మార్పువలన వేలకొలది రైతుబిడ్డలు ఇంజనీర్లు, వైద్యులై దేశాంతరములు పోయి కుటుంబములను నిలబెట్టిన మాట నిజము. దానిని తక్కువచేయుట కృతఘ్నత. కాని ఆ పద్ధతి ఇంటర్మీడియటుతో ఆగక క్రమముగ ఎనిమిదవ తరగతికి, ఆఱవ తరగతికి దిగివచ్చి, తెల్లవారుజామున మొదలై రాత్రి వఱకు సాగు స్టడీ అవర్లుగా మాఱినప్పుడు, సాయంకాలము నాలుగు గంటల ఆట నిశ్శబ్దముగ తొలగిపోయినది.

ముఖ్యవాదములు

మొదటివారు శీలనిర్మాణవాదులు. ఓటమిని ఓర్చుట, జట్టుకై తన్ను తాను మఱచుట, న్యాయనిర్ణేత మాట శిరసావహించుట ఆటస్థలమున తప్ప పుస్తకమున అలవడవని వీరి మతము. అజ్మీరులో 1875లో స్థాపితమైన మేయో కళాశాల మొదలు డెహ్రాడూను డూన్ స్కూలు వఱకు, జాగీర్దారుల కళాశాలగ మొదలై హైదరాబాదు పబ్లిక్ స్కూలైన విద్యాలయము వఱకు, ఈ మతమే పునాది. వీరికి ప్రబల విమర్శకుడు జె. ఎ. మాంగన్ అను చరిత్రకారుడు. ఇంగ్లండు పాఠశాలల క్రీడాభక్తి సామ్రాజ్య పాలకులను తయారుచేయు యంత్రాంగములో భాగమని ఆయన 1980లలో రెండు గ్రంథములలో విస్తరించి చూపెను. ఇరువురి వాదములలోను సత్యాంశమున్నది. ఆట అలవాట్లను ఇచ్చును; ఆ అలవాట్లు ఏ పనికి వినియోగపడునో ఆట నిర్ణయింపదు.

రెండవవారు సమానత్వవాదులు. 1964–66 నాటి కొఠారీ సంఘము ప్రతిపాదించిన ఇరుగుపొరుగు సామాన్య పాఠశాల వీరి ఆదర్శము. కలిగినవారి బిడ్డలు పల్లెబడిని విడిచిపోగానే ఆ బడికై నిలబడి అడుగువారు కరవగుదురనియు, మైదానమునకు ప్రహరీ లేకున్నను, డ్రిల్లు మాష్టారి పోస్టు ఖాళీగా ఉన్నను ప్రశ్నించు గొంతు లేకపోవుననియు వీరు చెప్పుదురు. ఈ వాదమునకు బలము డెల్టా గ్రామములలో ఎవరైనను చూడవచ్చును. అయితే తమ బిడ్డకు నేడు మంచి చదువు కావలెనని కోరు తల్లికి, ముప్పదియేండ్ల తరువాత రాగల సమానత్వమును సమాధానముగ చెప్పలేము. ఇచ్చట ఈ వాదము తడబడుచున్నది.

మూడవవారు పరీక్షావాదులు. వీరు వాదమును గ్రంథములలో వ్రాయరు, ఆచరణలో నడిపింతురు. చదువు వయస్సు పోయిన మరల రాదు, ఆట ఎప్పుడైనను ఆడవచ్చును, పదవ తరగతి గడిచినచో ఇంటరు, ఇంటరు గడిచినచో తీరిక అనునది వీరి తర్కము. ఎకరము, రెండెకరముల రైతునకు బిడ్డ చదువు తప్ప వేఱొక ఆస్తి లేనప్పుడు ఈ తర్కమును తేలికగ కొట్టివేయుట తగదు. కాని ఇది తీరికను వాయిదావేయుచు పోవు తర్కము; దాని చివర ఆట ఎన్నడును రాదు.

నాలుగవవారు ప్రతిభాన్వేషణవాదులు. అందఱికి ఆటలు నేర్పుట అసాధ్యము, ప్రతిభగలవారిని చిన్ననాటనే గుర్తించి ప్రత్యేక పాఠశాలలలో పెంచవలెననుట వీరి మతము. సికింద్రాబాదు చెంత హకీంపేటలోను, కడప పుట్లంపల్లిలోను ప్రభుత్వ క్రీడాపాఠశాలలు ఈ ఆలోచన ఫలితములే. ఈ వాదమునకు బాపట్ల ప్రాంతమే మంచి సాక్ష్యమిచ్చినది. బాపట్ల చెంతనున్న స్టువర్టుపురము, ఆంగ్లప్రభుత్వము నేరస్థజాతుల చట్టము క్రింద ఎఱుకల కుటుంబములను నిర్బంధించి ఉంచుటకు సాల్వేషన్ ఆర్మీ అజమాయిషీలో నెలకొల్పిన పల్లె. చట్టము రద్దయిన తరువాత కూడ దశాబ్దములపాటు ఆ ఊరి పేరు చెప్పిన బిడ్డకు బయట అవమానమే ఎదురయ్యెను. ఆ ఊరి బిడ్డ రాగాల వెంకటరాహుల్ హకీంపేట క్రీడాపాఠశాలలో శిక్షణ పొంది, 2014 యువ ఒలింపిక్సులో రజతమును, 2018లో గోల్డ్ కోస్టు కామన్వెల్తు క్రీడలలో 85 కిలోల తరగతిలో స్వర్ణమును గెలిచెను. స్నాచ్ పద్ధతిలో 151 కిలోలు, క్లీన్ అండ్ జెర్క్ పద్ధతిలో 187 కిలోలు, మొత్తము 338 కిలోలు ఎత్తిన ఆ చేతులకు శిక్షణనిచ్చినది ప్రజలధనముతో నడచు బడి. అదే సీమకు చెందిన మఱియొక క్రీడాకారుడు పుల్లెల గోపీచంద్. 2022 విభజనలో బాపట్ల జిల్లాలో చేరిన నాగండ్ల ఆయన జన్మస్థలము. 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ కిరీటము గెలిచిన ఆయన ఆట నేర్చినది హైదరాబాదునందు. వీరిరువురిని తలచి గర్వించుట సహజము. వారి ఆట వికసించుటకు ఊరు విడువవలసివచ్చెననుట కూడ మఱవరాదు.

ఎకరములు, సెంట్లు, గంటలు

వాదములను ప్రక్కనపెట్టి నేలమీదికి వచ్చి చూతము. రగ్బీ మైదానము సుమారు 100 మీటర్ల పొడవు, 70 మీటర్ల వెడల్పు; అనగా ఎకరమున్నరకు పైగా. తెనాలి పట్టణమున ఎకరమున్నర స్థలమును పిల్లలు పరుగెత్తుటకు విడిచిపెట్టగల ప్రైవేటు యాజమాన్యము ఎక్కడనున్నది? పురుషుల కబడ్డీ బరి 13 మీటర్లు, 10 మీటర్లు. మూడు సెంట్లకు కొంచెము పైన. బంతి అక్కఱలేదు, బూట్లు అక్కఱలేదు, సున్నపుగీత చాలును. ఒక్క గుక్కలో కూతపెట్టుచు ఎదుటి బరిలోనికి చొచ్చుకొనిపోయినవానిని ఏడుగురు చుట్టుముట్టి, ఒకడు చీలమండ, ఒకడు నడుము పట్టగా, వాడు మధ్యగీతకు చేయి చాచి దేహమునంతయు నేలపై ఈడ్చుకొనిపోవు ఆ క్షణమున, రగ్బీలోని దేహసంఘర్షణము, జట్టుబలము, తెగువ అన్నియు ఉన్నవి. ఆర్నాల్డు వారసులు ఎకరములలో వెదకిన గుణములు ఈ మూడు సెంట్లలో దొరకును.

ఈ మూడు సెంట్లైనను ఏ బడిలో ఉన్నవి? పట్టణములలోని చిన్న ప్రైవేటు బడి సాధారణముగ అద్దెకు తీసికొన్న మూడంతస్తుల భవనము. ప్రార్థన క్రింది సెల్లారులో, విరామము మెట్లమీద, ఆట ఉన్నచో ఇనుపజాలి బిగించిన మేడపైన. దీనికి భిన్నముగ జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలకు ఎకరముల ఆవరణ ఉన్నది. కాని నల్లరేగడి నేల వేసవిలో నెఱ్ఱెలువాఱి కాలుపట్టును, శ్రావణములో బురదయై నిలువనీయదు, తుపాను వచ్చినప్పుడు రేపల్లె, నిజాంపట్నము వైపు బడులు ఆశ్రయకేంద్రములగును. వ్యాయామోపాధ్యాయుడున్నచోట ఆయనను ఎన్నికల పనికి, మధ్యాహ్న భోజనపు లెక్కలకు, హాజరుపట్టీలకు వాడుకొనుట వాడుకైనది. ఇంగ్లండు ప్రైవేటు బడిలో స్థలము, శిక్షకుడు, కాలపట్టికలో నిర్బంధమైన సమయము – మూడును ఉన్నవి. మన క్రీడాపాఠశాలలోను మూడును ఉన్నవి. మన చిన్న ప్రైవేటు బడిలో మూడును లేవు. వసతిబడులలో కొన్నింట స్థలముండియు సమయము లేదు. పరిషత్తు బడిలో స్థలముండి, శిక్షకుడు సగమే ఉండి, సమయము పట్టికలో మాత్రమే ఉన్నది. ఆటల ఫలితము బడి యజమాని ఎవరనుదానినిబట్టి కాక ఈ మూడింటినిబట్టి వచ్చుచున్నదని ఈ తారతమ్యమే చెప్పుచున్నది. ఇంగ్లండు ఉదాహరణమును తెచ్చి తెనాలి అద్దెభవనమునకు తగిలించుట అందువలననే చెల్లదు.

చదువు విషయమున కూడ ఇట్టి హెచ్చరిక మన రాష్ట్రముననే లభించినది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అను పరిశోధకులు ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని 180 గ్రామములలో, లాటరీ ద్వారా కొందఱు పిల్లలకు ప్రైవేటు బడి రుసుము చెల్లింపజేసి, నాలుగేండ్ల పిదప పరీక్షించి, 2015లో ఫలితములను ప్రకటించిరి. తెలుగు, గణితములలో లాటరీ తగిలినవారికిని తగులనివారికిని తేడా కనబడలేదు. హిందీలో మాత్రము ప్రైవేటు బడి పిల్లలు ముందుండిరి. అదే సమయమున ఒక్కొక్క పిల్లవానికై ప్రైవేటు బడి చేయు వ్యయము ప్రభుత్వపు వ్యయములో మూడవవంతునకు లోపే ఉండెను. ఇరుపక్షములును ఈ పరిశోధనను తమకు అనుకూలముగ ఉదాహరింతురు. నాకు దీనిలో ముఖ్యముగ తోచినది వేఱొకటి: ప్రైవేటు బడులు తెలుగునకు, గణితమునకు తక్కువ గంటలు కేటాయించి అదే ఫలితమును రాబట్టి, మిగిలిన గంటలను ఇతర విషయములకు వాడుకొనగలిగినవి. గంటలను మిగుల్చుకొను సామర్థ్యము వారికి ఉన్నది. ఆ మిగిలిన గంటలలో ఒకటి మైదానమునకు పోవలెనని అడిగినవారు లేరు.

తేలని విషయములు

చట్టము ఏమి చెప్పుచున్నదో సందేహము లేదు. అది అమలగుటయే సందేహము. 2009 విద్యాహక్కు చట్టపు షెడ్యూలు ప్రతి బడికిని ఆటస్థలము, ఆటసామగ్రి ఉండవలెనని విధించినది. ఆఱు మొదలు ఎనిమిది తరగతులలో నూఱుగురికి మించి పిల్లలున్నచోట వ్యాయామ బోధకుడు కూడ ఉండవలెనన్నది. గుర్తింపుపొందిన బడులు మూడేండ్లలో ఈ ప్రమాణముల నందుకొనవలసియుండెను. స్థలము లేని బడిని మూసివేసినచో తక్కువ రుసుముతో చదువుకొను పిల్లలు ఎచ్చటికి పోవలెనను ప్రశ్నకు సరియైన సమాధానము రానందున, అధికారులు చూచి చూడనట్లుండుట అలవాటైనది. మూయింపక, విడువక, పొరుగునున్న ప్రభుత్వ మైదానమును నిర్ణీతవేళలలో చిన్న ప్రైవేటు బడులకు రుసుముపై ఇచ్చి, ఆ సొమ్మును మైదానపు మరమ్మతుకే వాడు పద్ధతి ఆలోచింపదగినది.

దేహభద్రత రెండవ చిక్కు. 2016లో బ్రిటనులో డెబ్బదిమందికి పైగా వైద్యులు, విద్యావేత్తలు పాఠశాల రగ్బీలో ఒకరినొకరు ఢీకొని పడవేయుటను నిషేధింపవలెనని బహిరంగలేఖ వ్రాసిరి. తలకు తగులు దెబ్బలు వారి ముఖ్యభయము. ఆ వివాదము అచ్చట ఇంకను తేలలేదు. కబడ్డీలో మోకాలి దెబ్బలు మనకు తెలియనివి కావు. గట్టినేలపై చాపలేకుండ ఆడించు బడికి ఈ చర్చ దూరదేశపు చర్చ కాదు.

ఆడపిల్లల మాట ఈ వివాదములో అందఱికంటె తక్కువగ వినబడును, అందఱికంటె ఎక్కువగ వినబడవలసినది. 2000 సిడ్నీ ఒలింపిక్సులో కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతకము సాధించిన మొదటి భారత మహిళయైన కరణం మల్లీశ్వరి శ్రీకాకుళము సీమనుండి వచ్చినది. అట్టివారుండగను, ఎనిమిదవ తరగతి దాటిన ఆడపిల్ల మైదానమునకు రాకుండుటను ప్రైవేటు బడియు, ప్రభుత్వపు బడియు, తల్లిదండ్రులును ముగ్గురును కలిసి సహజమని ఒప్పుకొనుచున్నారు. మరుగుదొడ్డి, దుస్తులు మార్చుకొను గది, మహిళా వ్యాయామోపాధ్యాయిని – ఈ మూడును లేనిచోట ఆమె నిరాసక్తతను గూర్చి మాట్లాడుట అన్యాయము.

ఇక విజయమునకు కారణము బడియా, కుటుంబమా అను ప్రశ్న. రగ్బీలో పేరుగాంచిన ఇంగ్లండు ఆటగాండ్రలో మారో ఇటోజే వలె విద్యార్థివేతనముపై గొప్పబడిలో చేరినవారును ఉన్నారు; అట్టివారి ప్రతిభ బడిది కాదు, బడి దానిని గుర్తించి చేర్చుకొన్నది. మన వైపు కూడ జాతీయస్థాయి పతకము తెచ్చిన పిల్లవానిని ఉచితముగ చేర్చుకొని ఫ్లెక్సీపై తన పేరుతో ప్రకటించు బడులున్నవి. తయారుచేసిన బడి ఒకటి, ప్రకటించుకొను బడి ఒకటి అయినప్పుడు లెక్క ఎవరి ఖాతాలోనికి పోవలెను? ఇది తేలనంతవఱకు ప్రైవేటు విద్య వలన క్రీడాకారులు పుట్టుచున్నారను మాటకు సాక్ష్యము చాలదు. ప్రభుత్వోద్యోగములలో క్రీడాకారుల కోటాను 3 శాతమునకు పెంచిన మీదట ఈ ప్రశ్న మఱింత పదునెక్కినది. ఆట ఇప్పుడు ఉద్యోగమునకు దారి, ఆ దారి ఎవరి మైదానమునుండి మొదలగునో వారికే ఫలము.

అడుగవలసిన మూడు మాటలు

ఈ సమీక్ష వలన నాకు తోచిన తీర్పు ఇది. ఆటలు మనిషికి మేలుచేయునను శీలవాదుల మాట నిలుచును. ఆ మేలు రుసుము చెల్లించు బడిలోనే దొరకునను మాట మన డెల్టాలో నిలువదు. 2020 జాతీయ విద్యావిధానము పాఠమునకును ఆటకును మధ్య గోడ ఉండరాదన్నది. ఆ మాట కాగితమునుండి కాలపట్టికలోనికి దిగవలెనన్న, అడుగు గొంతులు క్రిందినుండి రావలెను. గ్రామములలోని పాఠశాల కమిటీ సభ్యులకు నా మనవి: బడి ఆవరణలో క్రొత్త కార్యాలయ భవనమునకో, మఱియొక కట్టడమునకో స్థలము కోరి ఎవరు వచ్చినను, ఆ భూమిని దాత పిల్లలకై ఇచ్చినాడని చెప్పి నిరాకరింపుడు. రాబోవు జూనులో తెనాలిలోనైనను, బాపట్లలోనైనను, రేపల్లెలోనైనను బిడ్డను చేర్పింపబోవు తల్లిదండ్రులకు నా మనవి: ర్యాంకులు అడుగుడు, రుసుము అడుగుడు, దానితోపాటు ఆటస్థలమును కంటితో చూపుమనుడు, వ్యాయామోపాధ్యాయుని పేరు చెప్పుమనుడు, వారమునకు ఎన్ని గంటలు ఆటకు విడిచిపెట్టుదురో కాగితముపై వ్రాసి ఇమ్మనుడు.